భూమికి డబ్బిచ్చేశాక కూడా జనం ఎందుకు టెంటు వేసుకుని కూర్చుంటారు?

గాజువాక_కుర్రాడు | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

పోయిన వారం మా ఇంట్లో శుభకార్యం జరిగింది. భోజనాల దగ్గర మా దూరపు చుట్టం ఒకాయన మా తాతయ్యని అందరి ముందూ అడిగేశారు. "భూమికి డబ్బు తీసుకున్నారు కదండీ. నలభై ఏళ్లు కావొస్తోంది. ఇంకా ఆ టెంటు కింద కూర్చోవడం దేనికి?" అని. తాతయ్య ఏమీ అనలేదు. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. కాసేపటికి లేచి చెయ్యి కడుక్కున్నారు. పెరుగన్నం తినకుండా ఆయన విస్తరి ముందు నుంచి లేవడం నేనెప్పుడూ చూడలేదు.

రాత్రి నన్ను పిలిచి, "ఒరే, నువ్వు సదూకున్నావు కదా. ఆ బాబు అడిగినదానికి ఏటి సెప్పాలో నాకు తోచలేదు. నువ్వు సెప్పు" అన్నారు.

నాకూ తోచలేదు. మా ఊరు ఒక పరిశ్రమ కింద పోయింది. పేరు రాయను. తాతయ్యకి నాలుగు ఎకరాల ఇరవై సెంట్లు ఉండేవట. సగం జీడిమామిడి, సగం మెట్ట. ఊరు పోయాక అదే పరిశ్రమ ప్రహరీ లోపల కాంట్రాక్టు కూలీగా పదిహేనేళ్లు చేశారు. ఇప్పుడు ఎనభై దాటాయి. నిర్వాసితుల మీటింగు ఉందంటే చాలు, కండువా వేసుకుని బస్సెక్కేస్తారు.

భూమి పోయిన జనం ప్రభుత్వాల మీద ఎందుకు తిరగబడతారు? డబ్బు చాలకా? ఇంకేదైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి. తాతయ్యకి చదివి వినిపించాలి.

---

కొత్తవలస_శ్రీను | శనివారం రాత్రి 10:05

తమ్ముడూ, మీ తాతగారి మీద గౌరవంతోనే రాస్తున్నాను. భూమి తీసుకోకుండా ఫ్యాక్టరీ గాల్లో కట్టలేరు కదా. స్టీల్ ప్లాంట్ రాకపోతే గాజువాక ఇవాళ ఉన్న గాజువాక అయ్యేదా? "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో రాష్ట్రమంతా రోడ్డెక్కింది. అమృతరావు గారు నిరాహార దీక్ష చేశారు. కాల్పుల్లో 32 మంది చనిపోయారు. మాకు పరిశ్రమ కావాలని ప్రాణాలిచ్చిన ఊరు మనది. పరిశ్రమ అడిగిన జనమే భూమి దగ్గరికి వచ్చేసరికి కాదంటే ఎలా?

మా నాన్న ఆ పరిశ్రమల జీతం మీదే మమ్మల్ని చదివించారు. ఆ మాట దాచను.

---

బ్లాస్ట్_ఫర్నేస్_పక్కన | శనివారం రాత్రి 10:31

శ్రీను గారూ, నేను ఉక్కు కార్మికుణ్ణి. మీరు చెప్పిన చరిత్ర నిజమే, కానీ అందులో సగం వదిలేశారు. 1966లో ప్లాంటు అడిగింది రాష్ట్రమంతా. భూమి ఇచ్చింది మాత్రం 64 ఊళ్లు. 22 వేల ఎకరాలకు పైగా. 1970 ఏప్రిల్‌లో ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్రకటిస్తే ఆంధ్రదేశమంతా పండగ చేసుకుంది. 1971 జనవరిలో శంకుస్థాపన. ప్లాంటును జాతికి అంకితం చేసేసరికి 1992 వచ్చింది. ఆ మధ్య ఇరవై ఏళ్లు ఊళ్లు వదిలినవాళ్లు ఎలా బతికారో ఎవరు అడిగారు?

నిర్వాసితులకి ఆర్ కార్డులు, అంటే పునరావాస కార్డులు ఇచ్చారు. ఇంటికో ఉద్యోగం వస్తుందని ఆ కార్డు మీద ఆశ. కొందరికి వచ్చింది. వేల మందికి రాలేదు. కార్డు తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి వచ్చింది. మనవడికి ఇప్పుడు వయసు దాటిపోతోంది.

2021 జనవరి 27న కేంద్రం నూరు శాతం వాటా అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఫిబ్రవరిలో కూర్మన్నపాలెం దగ్గర శిబిరం పెట్టాం. మాతో పాటు వచ్చి కూర్చున్నవాళ్లలో నిర్వాసితులు ఎంతమందో! ఉద్యోగం దక్కనివాళ్లు, మమ్మల్ని చూసి అసూయపడాల్సినవాళ్లు, మాకంటే ముందు వచ్చి కూర్చున్నారు. వాళ్ల మాట ఒక్కటే. "మేం ఇచ్చింది ప్రభుత్వానికి. ఇంకోడికి అమ్ముకోడానికి కాదు." ఆ మాటకి బదులు చెప్పగల లెక్క నాకు ఏ పద్దులోనూ కనపడలేదు.

---

రిటైర్డ్_సర్వేయర్ | శనివారం రాత్రి 11:20

బాబూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నిద్ర పట్టక రాస్తున్నాను. నేను అటువైపు నిలబడ్డవాణ్ణి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక భూసేకరణ ఆఫీసులో గొలుసు పట్టుకుని పొలాలు కొలిచాను. కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

అప్పుడు నడిచింది 1894 నాటి చట్టం. తెల్లవాడు రాసింది. నాలుగో సెక్షన్ నోటిఫికేషన్ పడుతుంది, అభ్యంతరాలు వింటారు, ఆరో సెక్షన్ ప్రకటన, తర్వాత అవార్డు, అంటే పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు. వినడం అంటే ఏమిటో చెబుతాను. రైతు నిలబడి మాట్లాడతాడు, గుమాస్తా రెండు ముక్కలు రాసుకుంటాడు, "పరిశీలించి తిరస్కరించడమైనది" అని ముగిస్తారు. "మీ భూమి తీసుకోవచ్చా?" అనే ప్రశ్న ఆ చట్టంలో ఎక్కడా లేదు. "ఎంతకి?" అన్నది మాత్రమే ఉంది. అదీ వాళ్లే అడిగి వాళ్లే చెప్పుకుంటారు.

ధర ఎలా కడతారు? చుట్టుపక్కల రిజిస్టరైన దస్తావేజులు తీస్తారు. స్టాంపు ఖర్చుకి భయపడి మన రైతులు పదివేలకి కొన్నది నాలుగువేలకి రాయించుకుంటారు కదా, ఆ నాలుగువేలే వాళ్ల మెడకి చుట్టుకుంటుంది. దాని మీద సొలేషియం అని బలవంతపు సేకరణకి ఊరటగా పదిహేను శాతం ఇచ్చేవారు. 1984లో ముప్పై చేశారు. అంతే.

చెట్లు లెక్కపెట్టడం నా పని. జీడి, తాటి, సరుగుడు, చింత, ఒక్కోదానికి ఒక్కో రేటు. ఒక ముసలమ్మ చింతచెట్టు దగ్గర నన్ను ఆపింది. "బాబూ, దీనికింద మా అమ్మోరు ఉన్నాది. ఆవిడకి ఎంత కడతావు?" అంది. నా ఫారంలో ఆ గడి లేదు. చెట్టు చుట్టుకొలత రాసుకుని పక్కకి జరిగాను. అదింకా కళ్లముందే ఉంది.

ఇంకో మాట. అడంగల్లో, అంటే ఊరి భూమి రికార్డులో, పేరున్నవాడికే చెక్కు. కౌలుకి చేసినవాడికి లేదు. గీత కార్మికుడికి లేదు, ఊరి చాకలికి లేదు, మంగలికి లేదు, పాలు అమ్ముకునే ఆవిడకి లేదు. ఊరంటే పట్టాదారులు ఒక్కళ్లేనా? ఒక ఊళ్లో ఎకరం లేనివాళ్లే ఎక్కువ. వాళ్లకి మొదటి రోజు నుంచే ఏమీ లేదు. తర్వాత టెంట్లలో గట్టిగా అరిచేదీ వాళ్లే. బయటివాళ్లకి అది విచిత్రంగా కనిపిస్తుంది, "నీకు భూమే లేదు కదా, నువ్వెందుకు అరుస్తున్నావ్" అంటారు.

---

కొత్తవలస_శ్రీను | శనివారం రాత్రి 11:48

సర్వేయర్ గారూ, ఈ చివరి పేరా నాకు తెలీదు. నిజంగా తెలీదు. కౌలుదారుల సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు.

---

జాలారిపేట_అమ్మాయి | ఆదివారం ఉదయం 6:15

మా సంగతి కూడా చెప్పనివ్వండి. సముద్రం ఒడ్డుకి పట్టా ఉండదు.

ఒడ్డంటే చాలామందికి సాయంత్రం షికారు చేసే చోటు. మాకు అది వాకిలి. తెప్ప లాగే చోటు, వల ఆరేసే చోటు, చేప వేలం పాడే చోటు, ఎండుచేపలు ఆరబెట్టే చోటు. మా అమ్మమ్మ వాళ్ల ఊరి దగ్గర ఒడ్డు మీద కంచె వేశారు. ఎవరు వేశారో రాయను. పరిహారం జాబితా వచ్చినప్పుడు పడవ ఉన్న మగాళ్ల పేర్లు రాసుకున్నారు. గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మే మా అమ్మమ్మ పేరు ఎవరు రాస్తారు? ఎండుచేపలు ఆరబెట్టే ఇసుకకి రేటు ఎవరు కడతారు? మా తాతకి డబ్బొచ్చింది. రెండేళ్లలో అయిపోయింది. అమ్మమ్మకి పని పోయింది. ఆ పని మళ్లీ రాలేదు.

గంగవరంలో పోర్టు వచ్చినప్పుడు మత్స్యకారులు ఎంత పోరాడారో ఈ ఊళ్లో పెద్దవాళ్లకి గుర్తుంటుంది. కాల్పుల దాకా వెళ్లింది. మొన్న 2025లో నక్కపల్లి దగ్గర రాజయ్యపేటలో బల్క్ డ్రగ్ పార్క్ వద్దని మావాళ్లు హైవే మీద కూర్చున్నారు. వాళ్లు భూమి రేటు పెంచమని అడగలేదు. ఆ నీళ్లు సముద్రంలోకి వదిలితే చేప ఉంటుందా అని అడిగారు. మీరు ఎంత డబ్బైనా ఇవ్వండి, చేప వెళ్లిపోతే మేం ఏ ఒడ్డుకి వెళ్లాలి?

వేటకి వెళ్లే టైమయింది మా నాన్నకి. మళ్లీ వస్తాను.

---

సబ్బవరం_రైతుబిడ్డ | ఆదివారం ఉదయం 8:02

డి-పట్టా గురించి ఎవరూ రాయలేదు. మా వైపు సగం గొడవ అదే.

ప్రభుత్వం పేదలకి ఇచ్చిన బంజరు భూమికి డి-పట్టా ఉంటుంది. దున్నుకోవచ్చు, 2023లో సడలించేదాకా అమ్మడానికి వీల్లేదు. 1977 చట్టం అది. ఒకప్పుడు ఆ భూమి రాళ్లూ ముళ్లూ. మా నాయనమ్మ వాళ్లు రాళ్లు ఏరి గట్టు వేశారు, ఆ గట్టు ఇప్పటికీ ఉంది. నలభై ఏళ్లు కొబ్బరి, జీడి, కూరగాయలు పండించాక ఒకరోజు "ఇది ప్రభుత్వ భూమి, తిరిగి ఇచ్చేయండి" అంటారు.

2020 జనవరిలో విశాఖ చుట్టుపక్కల పది మండలాల్లో ఆరువేల పైచిలుకు ఎకరాలు భూసమీకరణకి జీవో 72 ఇచ్చారు. పేదలకి ఇళ్ల స్థలాల కోసం. ఎకరం డి-పట్టా ఇస్తే తొమ్మిది వందల గజాలు అభివృద్ధి చేసిన ప్లాటు ఇస్తామన్నారు. పదేళ్లు దాటి ఆక్రమణలో ఉంటే నాలుగు వందల యాభై. అయిదు నుంచి పదేళ్లయితే రెండు వందల యాభై. అంటే గట్టు వేసినవాడి చెమటకి కాగితం ఉంటే ఒక రేటు, లేకపోతే ఇంకో రేటు. పైగా తీసుకునేది పేదల కోసమే. ఒక పేదవాడి దగ్గర తీసుకుని ఇంకో పేదవాడికి ఇస్తే, ఆ ఇద్దరూ రేపు ఒకరినొకరు చూసుకోగలరా?

నిజానికి మన హైకోర్టు 2004లోనే మేకల పాండు కేసులో చెప్పింది, అసైన్డ్ భూమి తీసుకున్నా పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని. విస్తృత ధర్మాసనం కూర్చుని ఇచ్చిన తీర్పు. మా ఊళ్లో ఒక్కళ్లకి కూడా ఆ సంగతి తెలీదు. చెప్పినవాళ్లూ లేరు.

---

వేదిక_నిర్వాహకుడు | ఆదివారం ఉదయం 8:30

చర్చ బాగా సాగుతోంది. దయచేసి ఎవరి సర్వే నంబర్లు, ఆధార్, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. పార్టీల పేర్లతో తిట్లు వద్దు. ఇంతవరకూ ఎవరూ తిట్టలేదు, సంతోషం.

---

మధురవాడ_ఐటీ | ఆదివారం ఉదయం 10:10

ఒక సందేహం. అన్నీ చదివాను, బాధగానే ఉంది. కానీ ఇలాంటి పోరాటాల్లో రాజకీయ నాయకులు దూరి జనాన్ని రెచ్చగొడతారు కదా? ప్రతిపక్షంలో ఉన్నప్పుడు టెంటులో కూర్చుంటారు, గెలిచాక అదే భూమికి కొబ్బరికాయ కొడతారు. అసలు జనానికి సొంతంగా అంత కోపం ఉంటుందా?

---

పాడేరు_మాస్టారు | ఆదివారం మధ్యాహ్నం 1:45

బాబూ, ఏజెన్సీలో పాతికేళ్లు బడిపంతులుగా పనిచేశాను. మీ ప్రశ్నకి కొండమీది నుంచి జవాబు చెబుతాను.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడు కొట్టకూడదు, కట్టె తేకూడదు. అప్పటికి కొండల్లో ఏ పార్టీ ఉంది? నలభై ఏళ్ల తర్వాత 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం జనం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద మూడు రోజుల్లో మూడు దాడులు చేశారు. రాజు గారు బయట నుంచి వచ్చినవారే. కానీ కోపం ఆయన తెచ్చింది కాదు. రోడ్డు పనికి జీతం లేకుండా చాకిరీ చేయించారు, పోడు ఆపారు, అదీ కోపం. నాయకుడు అగ్గిపుల్ల గీస్తాడు, సరే. ఎండిన కట్టె ఎవరు పేర్చారన్నది కూడా అడగాలి.

ఇంకోటి చెప్పాలి. పోరాడితే ఏమొస్తుంది అంటారు. శ్రీకాకుళం కొండల్లో అరవైల చివర జరిగిన గిరిజన పోరాటం తర్వాతే 1970లో ఒకటి బై డెబ్బై చట్టం అంత గట్టిగా వచ్చింది. ఏజెన్సీలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోకూడదని. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసు తీర్పులో సుప్రీంకోర్టు, ప్రభుత్వం కూడా షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకి ఇవ్వకూడదంది. ఆ కేసు మన అనంతగిరి మండలం గనుల నుంచి పుట్టింది.

2015 నవంబరులో జెర్రెల కొండల్లో 1,212 హెక్టార్ల అడవిలో బాక్సైటు తవ్వడానికి జీవో 97 వచ్చింది. మా బడి పిల్లల తల్లులు సంతకి వచ్చినట్టే వరసగా నడిచి మీటింగులకి వచ్చారు. వీపున బిడ్డ, చేతిలో కత్తి, ఆ కత్తి కాఫీ తోటలో పని చేసుకునేది. ఒకామె మైకు ఇస్తే తీసుకోలేదు. "ఆ కొండ నుంచి నీళ్లొస్తాయి. కొండ తీసేస్తే నీళ్లెక్కడ పెడతారు?" అని అడిగి కూర్చుంది. బాక్సైటు కొండ పైపొర వాన నీళ్లని పట్టి ఉంచి వేసవిలో ఊటలుగా వదులుతుంది. ఆవిడ ఏ పుస్తకమూ చదవలేదు. ఆ జీవో ముందు ఆగింది, తర్వాత 2019లో రద్దయింది.

ఒడిశాలో నియమగిరి సంగతి కూడా వినే ఉంటారు. 2013లో సుప్రీంకోర్టు, అక్కడ బాక్సైటు తవ్వాలా వద్దా అని గ్రామసభలనే అడగమంది. పన్నెండు ఊళ్లని అడిగారు. పన్నెండూ వద్దన్నాయి. అక్కడ తుపాకీ పేలకుండా తేలింది. ఎందుకంటే అడిగారు కాబట్టి.

---

లా_చదువుతున్నా | ఆదివారం మధ్యాహ్నం 3:20

మాస్టారికి నమస్కారం. "అడిగారు కాబట్టి" అన్న మాట దగ్గర నుంచి నేను అందుకుంటాను.

పశ్చిమ బెంగాల్ సింగూరులో కార్ల ఫ్యాక్టరీకి 997 ఎకరాలు, 2006. నందిగ్రామ్‌లో 2007 మార్చి 14న పోలీసు కాల్పుల్లో 14 మంది చనిపోయారు. మన పక్కన సోంపేటలో 2010 జులై 14న థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు ఇద్దరు పోయారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాకరాపల్లి దగ్గర మళ్లీ కాల్పులు. సోంపేటలో ఆ నేలని జనం బీల అంటారు. ఏడాది పొడవునా నీరుండే తడి నేల. చేపలు, పశువుల మేత, దాని నీళ్లతో పండే వరి. ప్రభుత్వ లెక్కలో మాత్రం పనికిరాని భూమి. మొత్తం గొడవ ఆ ఒక్క మాటలోనే ఉంది. ఆ ప్లాంటు చివరికి రాలేదు.

ఇన్ని ప్రాణాలు పోయాకే 2013 భూసేకరణ చట్టం వచ్చింది. 2014 జనవరి 1 నుంచి అమలు. ప్రైవేటు ప్రాజెక్టుకైతే భూమి పోయే కుటుంబాల్లో 80 శాతం మంది ఒప్పుకోవాలి, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం. సామాజిక ప్రభావ అంచనా చెయ్యాలి. సొలేషియం నూరు శాతం. అన్నిటికంటే ముఖ్యం, కౌలుదారులు, కూలీలు, మత్స్యకారులు కూడా "ప్రభావిత కుటుంబాలు" అని చట్టంలో రాశారు. సర్వేయర్ గారు చెప్పిన ఆ లేని గడి నూట పందొమ్మిదేళ్లకి ఫారంలోకి వచ్చింది.

కానీ మురిసిపోవద్దు. ఏడాది తిరక్కుండా కేంద్రం 2014 డిసెంబరులో ఆర్డినెన్సు తెచ్చింది, సమ్మతి అక్కర్లేని ప్రాజెక్టుల జాబితాతో. రైతులు గొడవ చేస్తే 2015లో వదిలేశారు. తర్వాత ఒక్కో రాష్ట్రం సొంత సవరణ చేసుకుంది. మన ఆంధ్రప్రదేశ్ కూడా 2018లో చేసింది, పారిశ్రామిక కారిడార్ల వంటి వాటికి సమ్మతి, ప్రభావ అంచనా అక్కర్లేకుండా మినహాయింపు ఇచ్చే వీలు పెట్టుకుంది. ముందు తలుపు తీసి పక్కగోడకి కన్నం పెట్టుకోవడం ఇది. నాకు కోపంగా ఉంది, దాచుకోను.

---

మధురవాడ_ఐటీ | ఆదివారం సాయంత్రం 4:00

మాస్టారూ, నా ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నాను. మా ఆఫీసు ఉన్న కొండ కింద ఒకప్పుడు ఎవరి భూమి ఉండేదో కనుక్కోవాలనిపిస్తోంది.

---

కొత్తవలస_శ్రీను | ఆదివారం సాయంత్రం 4:25

నేను మాత్రం పూర్తిగా వెనక్కి తీసుకోను. పరిశ్రమలు కావాలి. మా జిల్లా పిల్లలు వలస పోకూడదంటే కావాలి. భోగాపురం ఎయిర్‌పోర్టు చూడండి, మొదట 15 వేల ఎకరాలు అన్నారు, జనం ఎదురు తిరిగాక రెండు మూడు వేల ఎకరాల దగ్గరికి వచ్చింది. ఎయిర్‌పోర్టు ఆగలేదు కదా. అంటే మొదట అడిగిన దాంట్లో చాలా భాగం అవసరమే లేదు. ఈ సంగతి నేను రాస్తూ రాస్తూ తెలుసుకున్నాను. జనం అడ్డం పడితే ప్రాజెక్టు పోతుందనుకునేవాణ్ణి. పోయింది ప్రాజెక్టు కాదు, అక్కర్లేని ఎకరాలు.

---

జాలారిపేట_అమ్మాయి | ఆదివారం సాయంత్రం 5:10

శ్రీను అన్నా, ఇంత దూరం వచ్చారు, అది చాలు. మా నాన్న కూడా పరిశ్రమ వద్దనడు. మా తమ్ముడు ఐటీఐ చేస్తున్నాడు, వాడికి ఉద్యోగం కావాలి. ఒడ్డు వదిలి కట్టండి అంటాడు నాన్న, అంతే.

---

రిటైర్డ్_సర్వేయర్ | ఆదివారం రాత్రి 7:30

గాజువాక బాబూ, ఒక పని చెయ్యి. మీ తాతగారి దగ్గర పాత కాగితాలు ఉంటాయి. వాళ్ల తరం ట్రంకుపెట్టెలో అడుగున దాస్తుంది. అవార్డు డబ్బు తీసుకున్నప్పటి రసీదో, నోటీసో ఉందేమో చూడు. ఎందుకంటే ఒక విషయం ఇంతవరకూ ఎవరూ రాయలేదు.

ఆ పాత చట్టం ప్రకారం, డబ్బు తీసుకునేటప్పుడు "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసినవాడికే రేటు చాలలేదని కోర్టుకి వెళ్లే హక్కు ఉండేది. ఆ ముక్క రాయకుండా పుచ్చుకుంటే ఒప్పుకున్నట్టే. సంతకం చెయ్యగలిగినవాడు, లేదా పక్కన ప్లీడరు ఉన్నవాడు రాశాడు. వేలిముద్ర వేసేవాడికి ఆ ముక్క ఒకటి ఉందని కూడా తెలీదు. మేమూ చెప్పలేదు. చెప్పకూడదని ఎవరూ అనలేదు, చెప్పమనీ అనలేదు. కోర్టుకి వెళ్లినవాళ్లకి తర్వాత రేటు పెరిగింది. ఒకే గట్టుకి ఇటూ అటూ ఉన్న ఇద్దరు రైతులు, ఒకడికి రెండింతలు, ఇంకొకడికి మొదటి రేటు.

1984లో 28-ఏ అని ఒక సెక్షన్ పెట్టారు. పక్కవాడికి కోర్టు పెంచితే, అదే నోటిఫికేషన్ కింద భూమి పోయిన మిగతావాళ్లు కూడా మూడు నెలల్లోపు అర్జీ పెట్టుకుంటే పెంచాలి. మూడు నెలలు. పక్క ఊరికి చెల్లాచెదురైపోయిన మనిషికి, కోర్టు తీర్పు వచ్చిందని మూడు నెలల్లో ఎవరు చెబుతారు?

---

గాజువాక_కుర్రాడు | సోమవారం రాత్రి 10:55

సర్వేయర్ గారూ, దొరికింది.

ట్రంకుపెట్టెలో అమ్మమ్మ పట్టుచీర కింద పాలిథిన్ కవర్లో ఉంది. మడతల దగ్గర చిరిగిపోయింది. మీరు చెప్పినట్టే రసీదు. అడుగున నీలం రంగు వేలిముద్ర. పక్కన ఎవరో "ఎడమ బొటనవేలు" అని రాశారు. ఆ పైన ఏమీ లేదు. మీరు చెప్పిన ఆ ముక్క లేదు.

ఈ రెండు రోజుల పోస్టులన్నీ తాతయ్యకి చదివి వినిపించాను. చింతచెట్టు దగ్గర ఆపమన్నారు. మళ్లీ చదవమన్నారు. "ఆ బాబు మంచోడు, రాసుకోకపోయినా గుర్తెట్టుకున్నాడు" అన్నారు. జాలారిపేట అక్క రాసింది విని, "మన చాకలి సూరి కూడా అలాగే పోయాడు, దుబాయి ఎళిపోనాడు" అన్నారు.

కాగితంలో భూమి హద్దులు రాసి ఉన్నాయి. నేను చదవబోతుంటే చెయ్యి పెట్టి ఆపి, కళ్లు మూసుకుని ఆయనే చెప్పారు. తూర్పు చెరువు గట్టు. పడమర అప్పన్న జీడితోట. ఉత్తరం గెడ్డ. దక్షిణం బండి దారి. నేను కాగితంతో సరిచూశాను. నాలుగూ సరిపోయాయి. చెరువు పూడ్చేశారు, గెడ్డ మీద షెడ్డు ఉంది, అప్పన్న తాత చనిపోయి పదేళ్లయింది.

రసీదులో ఆ ముక్క లేదని, రాసి ఉంటే కోర్టుకి వెళ్లే హక్కు ఉండేదని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అప్పన్న బావకి కోర్టులో పెరిగిందని ఇన్నాను. ఆడికి సదువొచ్చు. నాను, ఆడేదో లంచం ఎట్టుంటాడనుకున్నాను. ముప్పై ఏళ్లు ఆడితో సరిగ్గా మాటాడలేదు" అన్నారు. అప్పుడు ఏడ్చారు. మా తాతయ్య ఏడవడం నేను చూడడం ఇదే మొదలు. భూమి గురించి కాదు, అప్పన్న తాత గురించి.

పడుకోబోయే ముందు తెల్ల కాగితం తెమ్మన్నారు. "ఆ ముక్క రాయి" అన్నారు. ఇప్పుడు రాస్తే చెల్లదు తాతయ్యా అన్నాను. "నాకు తెల్దా? నువ్వు రాయి" అన్నారు.

రాశాను. "పై సొమ్ము అభ్యంతరంతో తీసుకుంటున్నాను." కింద తేదీ ఏం వెయ్యాలని అడిగితే, రసీదు మీద ఉన్న తేదీయే వెయ్యమన్నారు. స్టాంపు ప్యాడు లేదు. పెన్ను ఇంకు రాసి బొటనవేలు ఒత్తారు.

---

రిటైర్డ్_సర్వేయర్ | సోమవారం రాత్రి 11:30

బాబూ, ఆ రెండు కాగితాలూ ఒకే కవర్లో పెట్టు. పాత రసీదు మడత మీద సెల్లోటేపు అతికించొద్దు, నాలుగేళ్లకి పసుపెక్కి అక్షరాలు పోతాయి. విప్పి వెడల్పు ఫైల్లో పెట్టి రెండు జెరాక్సులు తీయించు. అవార్డు నంబరు, తేదీ రసీదు మీద ఉన్నాయేమో చూడు, వాటితో సమాచార హక్కు కింద అవార్డు నకలు అడుగు. పునరావాసం కింద ఏమేం మాట ఇచ్చారో ఆ కాగితాలూ అడుగు. అర్జీ నేను రాసి పెడతాను. శనివారం మీటింగుకి మీ తాతగారు వస్తే నేనూ వస్తాను. వారి పక్కన కాసేపు కూర్చోవాలని ఉంది.